కీళ్లవాతం మందు మొదలుపెట్టిన తొలి మూడు నెలలు



ఈ పుటలలో నేను ఎక్కువగా దాణా గురించి, దూడల పెంపకం గురించి, సంఘం లెక్కల పుస్తకాల గురించి రాస్తుంటాను. ఈసారి మనుషుల జబ్బు గురించి రాస్తున్నాను. నేను డాక్టరును కాను, డిప్లొమా చదివిన సహకార ఇన్‌స్పెక్టరును మాత్రమే. అయితే ఈ జబ్బు మా ఇంటికే వచ్చింది. అది పట్టుబడింది కూడా పాల కార్డులోనే. డాక్టరుగారు మాకు విడమరచి చెప్పిన సంగతులు పదిమందికీ తెలిస్తే మేలు జరుగుతుందనే ఉద్దేశంతో ఇది రాస్తున్నాను.

కార్డు చెప్పిన జబ్బు

మా ఇంటావిడ రెండు గేదెలను తన చేత్తోనే పితికి సంఘంలో పాలు పోస్తుంది. ఒక ఏడాది చలికాలంలో ఆమె కార్డు చూస్తే ఉదయం పోత మూడు లీటర్ల నుంచి రెండుకు దిగింది. సాయంత్రం పోత తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది. ఉదయం వెన్న శాతం కూడా పడిపోయింది. నేను దాణాను అనుమానించాను. పశువైద్యుడు వచ్చి పొదుగు పరీక్షించి, గేదెకు ఏ లోపమూ లేదన్నాడు.

లోపం పితికే చేతిలో ఉంది. తెల్లవారుజామున ఆమె వేళ్లు మడత పడటం లేదు. పిడికిలి బిగించలేక, గేదె చేపినా చివరి ధారలు పొదుగులోనే వదిలేస్తోంది. చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ ఉంటుందని మన సభ్యులకు తెలిసిందే. ఎండెక్కేసరికి వేళ్లు సడలేవి. అందుచేత సాయంత్రం పితుకుడు బాగానే సాగేది. ఈ సంగతి ఆమె మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. అడిగితే, "చెబితే గేదెల్ని అమ్మేస్తావుగా" అంది.

ఏది ఈ జబ్బు, ఏది కాదు

వయసు పైబడిన వారికి మోకాళ్లు అరిగి వచ్చే నొప్పి వేరు. 2006లో మన రాష్ట్రాన్ని కుదిపిన చికున్‌గున్యా తరువాత మిగిలే నొప్పులు వేరు. ఇది రుమటాయిడ్ కీళ్లవాతం. ఒంటికి కాపలా కాయవలసిన రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత కీళ్ల మీదనే పడుతుంది. కాపలా కుక్క ఇంటివాళ్లనే కరిచినట్లన్న మాట. ఎక్కువగా చేతివేళ్లు, మణికట్లు, కాలివేళ్ల కీళ్లు రెండు వైపులా వాస్తాయి. ఉదయం లేవగానే కనీసం అరగంట, ఒక్కొక్కరికి గంటకు పైగా బిగుసుకొని ఉంటాయి. మగవారికంటే ఆడవారికి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. ఆలస్యం చేసిన కొద్దీ కీలు లోపల తినివేయబడి వేళ్లు వంకర పోతాయి. వంకర పోయిన వేలు మందుతో మళ్లీ తిన్నగా కాదు.

నొప్పి బిళ్లలు నొప్పిని అణచుతాయే గాని కీలును కాపాడవు. కీలును కాపాడే మందులు వేరే ఉన్నాయి. వాటిలో మొదట చెప్పుకోవలసినది మెథోట్రెక్సేట్.

తెలుగువాడి చేతి చలవ

ఈ మందు వెనుక మన తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ యాసిడ్ అనే విటమినును తయారుచేసే పద్ధతిని 1940లలో ఆయన బృందం కనిపెట్టింది. తరువాత ఆ విటమినుకు అడ్డుపడే మందులను కూడా వారే తయారుచేశారు. వాటిని మొదట పిల్లల రక్త క్యాన్సరుకు వాడారు. ఆ జాతి మందే మెథోట్రెక్సేట్. పశువులకు కూడా వాడే టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన హయాంలోనే ఆ ప్రయోగశాల నుంచి వచ్చింది. ఆయన 1948లో కన్నుమూశారు. క్యాన్సరుకు ఇచ్చే మోతాదు కంటే చాలా తక్కువగా, వారానికి ఒకసారి ఇస్తే కీళ్లవాతం అదుపులోకి వస్తుందని తరువాతి కాలంలో రుజువైంది. 1988లో అమెరికా ప్రభుత్వం ఈ జబ్బుకు దానిని అనుమతించింది.

ఇందులో ఒక విశేషం కలదు. మెథోట్రెక్సేట్ వల్ల నోటిపూత, వికారం వంటివి రాకుండా డాక్టర్లు రాసే రెండో మాత్ర ఫోలిక్ యాసిడే. అంటే మందూ, మందు చేసే చెరుపును తగ్గించే విరుగుడూ రెండూ ఆ మహానుభావుని పరిశోధనల ఫలమే. కావున ఫోలిక్ యాసిడ్‌ను "ఉత్త బలం బిళ్ల" అని మానివేయరాదు. దానిని డాక్టరు చెప్పిన రోజుననే, సాధారణంగా మెథోట్రెక్సేట్ వేసుకోని రోజున, వేసుకొనవలెను.

వారానికి ఒక్కసారే

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోదలచినవారు ఈ మాట గుర్తుంచుకోండి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒకే రోజు వేసుకునే మందు. ప్రతిరోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

నాకు తెలిసిన ఒక సభ్యురాలి విషయంలో ఇదే జరిగింది. బి.పి. బిళ్ల రోజూ వేసుకునే అలవాటు కొద్దీ దీనినీ రోజూ వేసుకుంది. అట్ట కత్తిరించి ఇచ్చారు గనుక మందు పేరు కూడా కనపడలేదు. పది రోజులకు నోరంతా పుండ్లు, మంచినీళ్లు కూడా మింగలేని స్థితి, ఆపైన జ్వరం. రక్తకణాలు పడిపోయాయని ఆసుపత్రిలో చేర్చుకొని విరుగుడు ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండు వారాలకు కోలుకుంది. ఇంకొన్ని రోజులు ఆగివుంటే దక్కేది కాదన్నారు.

అందుచేత ఈ క్రింది పద్ధతి పాటించవలెను.

1. వారంలో ఒక రోజు నిర్ణయించుకొని గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకొనవలెను. మా ఇంట్లో అది ఆదివారం. వేసుకున్న వెంటనే తేదీ మీద సున్నా చుడతాము.

2. ఈ బిళ్లలు 2.5, 5, 7.5, 10 మి.గ్రా. ఇలా పలు బలాల్లో వస్తాయి. కొత్త అట్ట కొన్నప్పుడల్లా పాత చీటీతో సరిచూసుకొనవలెను. బిళ్లల సంఖ్య ఒకటే అయినా బలం మారితే మోతాదు మారిపోతుంది.

3. మరచిపోతే మరునాడు రెట్టింపు వేసుకోరాదు. డాక్టరును అడగవలెను.

4. చదువురాని పెద్దవారికి ఇంట్లో ఒకరు బాధ్యత వహించి తమ చేత్తో ఇవ్వవలెను.

తొలి వారాల ఇబ్బందులు, వాటికి ఉపాయాలు

మందు గుణం కనపడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఇబ్బందులు మాత్రం మొదటి వారమే కనపడతాయి. చిక్కంతా ఇక్కడే. గుణం కనపడకముందే బాధ కనపడుతుంది గనుక చాలామంది మందు మానేస్తారు. మా ఇంటావిడా అదే చేసింది. మూడు ఆదివారాలు వేసుకుంది. సోమవారమంతా కడుపులో తిప్పడం, ఒళ్లు తేలిపోవడం. నాల్గవ వారం నుంచి బిళ్ల కొంగున కట్టుకొని నాకు తెలియకుండా పారవేసింది. నేనేమో క్యాలెండరులో సున్నాలు చుడుతూ వచ్చాను. ముప్పై ఏళ్లుగా సంఘాల లెక్కలు చూస్తున్న నాకు మా ఇంటి లెక్కలో తేడా అందలేదు. అలా అయిదు నెలలు పోయాయి. ఆ అయిదు నెలల్లోనే ఆమె కుడిచేతి చిటికెనవేలు పక్కకు ఒరిగింది.

తిరిగి వెళ్లినప్పుడు డాక్టరుగారు కోప్పడలేదు. "వికారం వస్తుందని నాకు తెలుసు. వస్తే చెప్పండి, మానకండి. నా దగ్గర ఉపాయాలున్నాయి" అన్నారు. ఆ ఉపాయాలు ఇవి.

వికారం: బిళ్లను రాత్రి భోజనం తరువాత వేసుకొని పడుకుంటే వికారం చాలావరకు నిద్రలో గడిచిపోతుంది. అయినా తగ్గకపోతే డాక్టరు ఫోలిక్ యాసిడ్ పెంచవచ్చు, వాంతి బిళ్ల ఇవ్వవచ్చు, అదే రోజు మోతాదును రెండు భాగాలు చేయవచ్చు, లేదా ఇంజెక్షనుకు మార్చవచ్చు. మా ఇంటావిడకు రాత్రిపూటకు మార్చి, ఫోలిక్ యాసిడ్ పెంచడంతోనే సర్దుకుంది.

మరునాటి నీరసం: బరువు పనులు లేని రోజుకు ముందురాత్రి మందు పెట్టుకొనవలెను. నీరు బాగా తాగవలెను. మా ఇంట్లో సోమవారం ఉదయం పితుకుడు నా వంతు. నేను పితికితే గేదె సరిగా చేపక తన్నిన మాట నిజమే గాని, నెల తిరిగేసరికి అదీ అలవాటు పడింది.

జుట్టు ఊడటం: కొందరికి కొద్దిగా పలచబడుతుంది. సాధారణంగా తిరిగి వస్తుంది.

ఇతర మందులు: సల్ఫాసలజిన్ వాడితే మూత్రం నారింజ రంగులో రావచ్చు, దానికి భయపడనక్కరలేదు. సల్ఫా మందులు పడనివారు మాత్రం ముందే చెప్పవలెను. హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను అన్నం తిన్న తరువాత వేసుకోవాలి. దీర్ఘకాలం వాడేవారికి కంటి పరీక్ష తప్పనిసరి. మొదట్లో కొద్దికాలం స్టెరాయిడు బిళ్లలు ఇస్తే వాటిని మీ అంతట మీరు హఠాత్తుగా మానరాదు, పొడిగించనూ రాదు.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లవలసిన లక్షణాలు

జ్వరం, గొంతునొప్పి, నోటినిండా పుండ్లు, కారణం లేకుండా కమిలిన మచ్చలు లేక రక్తస్రావం, కళ్లు పచ్చబడటం, పొడి దగ్గుతో ఆయాసం, విడవని వాంతులు విరేచనాలు. వీటిలో ఏది కనిపించినా తరువాతి మోతాదు వేసుకోకుండా అదేరోజు డాక్టరుకు చూపించవలెను. చీటీ, అట్ట రెండూ వెంట తీసుకొని పోవలెను.

రక్త పరీక్ష

లాక్టోమీటరు ముంచకుండా, వెన్న తీయకుండా పాలు మంచివని మనం సంతకం పెట్టము. కంటికి చిక్కగానే ఉండవచ్చు, లెక్క వేరుగా ఉండవచ్చు. రక్తం సంగతీ అంతే. కాలేయం, మూత్రపిండాలు, రక్తకణాలు ఎలా ఉన్నవీ ఒంటికి తెలియకముందే పరీక్షలో తెలుస్తుంది. మందుకు ముందు ఒకసారి, తొలి మూడు నెలల్లో రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి, తరువాత రెండు మూడు నెలలకు ఒకసారి పరీక్ష చేయిస్తారు. లెక్క కొంచెం తప్పితే మోతాదు తగ్గించి సరిచేస్తారు. పరీక్షకు పోని వారికే ప్రమాదం. క్షయ, కామెర్లకు సంబంధించిన పరీక్షలు మందుకు ముందే చేయించడం మంచిది.

ఈ మందు వాడేవారు సారాయి, బ్రాందీ ముట్టరాదు. రెండూ కాలేయం మీదనే భారం వేస్తాయి. గర్భవతులు ఈ మందు వాడరాదు. బిడ్డ కావాలనుకునేవారు కొన్ని నెలల ముందే డాక్టరుతో చెప్పి మందు మార్పించుకొనవలెను. జ్వరానికో మూత్రంలో మంటకో ఊళ్లో మందు తీసుకునేటప్పుడు "నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నాను" అని చెప్పితీరవలెను. ముఖ్యంగా సెప్ట్రాన్ వంటి కోట్రైమాక్సజోల్ మందు దీనితో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. పేరు లేని కీళ్లనొప్పుల పొడులు వాడరాదు. అటువంటి పొడుల్లో స్టెరాయిడు కలిపి అమ్మిన సందర్భాలున్నాయి.

పాడి ఇంట ప్రత్యేక జాగ్రత్తలు

ఈ మందులు రోగనిరోధక శక్తిని కొంత తగ్గిస్తాయి. కావున పచ్చిపాలు తాగరాదు, పొంగు వచ్చేవరకు కాచి తాగవలెను. ఈచుకుపోయిన పశువు మాయను, పిండాన్ని ఉత్త చేతులతో ముట్టరాదు. బ్రూసెల్లోసిస్ అనే జబ్బు ఈ రెండు దారుల్లోనూ మనిషికి సోకుతుంది. దానికీ జ్వరం, కీళ్లనొప్పులే లక్షణాలు గనుక మందు పనిచేయలేదనే భ్రమ కూడా కలుగుతుంది. మీకు పాడి ఉన్నదని డాక్టరుకు మొదటిరోజే చెప్పండి. పేడ ఎత్తేటప్పుడు, గడ్డి కోసేటప్పుడు గాయమైతే వెంటనే సబ్బుతో కడిగి కట్టు కట్టవలెను.

ఉదయం వేళ్లు బిగిసినప్పుడు గోరువెచ్చని నీటిలో పది నిమిషాలు ఉంచి మెల్లగా పిడికిలి మూసి తెరిస్తే సడలుతాయి. మా ఇంటావిడ పొదుగు కడిగే వేడినీళ్లతో పాటు తన చేతులకు ఒక గిన్నె విడిగా కాచుకుంటుంది.

ముగింపు

రెండోసారి మొదలుపెట్టిన పదో వారానికి ఆమె ఉదయం పోత రెండున్నరకు వచ్చింది. నాల్గవ నెలకు మూడు లీటర్లు దాటింది, వెన్న శాతమూ నిలబడింది. ఒరిగిన చిటికెనవేలు మాత్రం అలాగే ఉంది. ఆ వేలు చూసినప్పుడల్లా పారవేసిన ఆదివారాలు గుర్తుకొస్తాయని ఆమే అంటుంది.

పాల కేంద్రంలో వరుసలో నిలబడ్డప్పుడు ఎవరి చేతులు క్యాను మూత తీయలేకపోతున్నాయో, ఎవరి ఉదయం పోత మాత్రమే తగ్గుతోందో కార్యదర్శులు, సభ్యులు గమనించగలరు. అటువంటి వారిని గేదె సంగతి అడిగినట్లే చేతుల సంగతీ అడగండి. బుచ్చి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రి ఎంతో దూరం లేదు. ఈ జబ్బుకు ప్రత్యేక వైద్యులు హైదరాబాదు నిమ్స్ వంటి చోట్ల ఉన్నారు. మందు మొదలుపెట్టినవారికి ఇబ్బంది కలిగితే దాచుకోకుండా డాక్టరుకు చెప్పుకోమని, తమంతట తాము మాత్రం మానవద్దని నా మనవి.

— సహకార ఇన్‌స్పెక్టరు, బుచ్చిరెడ్డిపాలెం