చేప పోయిన చోట

మా ఊరు మురమళ్ళ. అమలాపురం నుండి యానాం వెళ్ళే దారిలో, వృద్ధ గౌతమి ఒడ్డున ఉన్నది. ఇక్కడి నుండి సముద్రం కనిపించదు. అయినా దాని పోటు మా రేవు మెట్ల వరకు వస్తుంది. పోటు వేళ నది వెనుకకు నడుస్తున్నట్లు తోస్తుంది. పాటు వేళ ఒడ్డున బురద బయటపడి, కొంగలు దిగుతాయి. వేసవిలో ఆ నీరు ఉప్పనవుతుంది. వరదలు రాగానే ఎర్రబడి తియ్యనవుతుంది.

తియ్యని నీటిని, ఉప్పు నీటిని కలిపి ప్రవహింపజేసి కూడా వాటి నడుమ అడ్డుతెర ఉంచిన సృష్టికర్తను గురించి దివ్యఖుర్ఆన్‌లో ఫుర్ఖాన్ సూరా 53వ ఆయతు చెబుతుంది. ఆ రెండింటి నుండీ మనకు తాజా మాంసం లభిస్తున్నదని ఫాతిర్ సూరా 12వ ఆయతు గుర్తుచేస్తుంది. ఈ ఆయతులను మేము మద్రసాలో ఎన్నో ఏళ్ళుగా బోధిస్తున్నాము. అయితే వాటిని మొదట మాకు చూపించినవారు మా ఉస్తాదులు కారు, మా అబ్బాజాన్. ఆయనకు అరబీ రాదు. ఆయన దర్జీ.

సెలవులు వచ్చినప్పుడు పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్ళాలని చాలామంది తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. వారికి చెప్పదలచిన సమాధానం ఇది. ఇందులో మా పొరపాటు కూడా ఉన్నది. దానిని దాచుకోవడం న్యాయం కాదని ఇంతకాలానికి రాస్తున్నాము.

దారపు రీలు బెండు

అబ్బాజాన్ దుకాణంలో మాట్లాడేవారు కాదు. పెదవుల మధ్య గుండుసూదులు, మెడలో కొలత టేపు, కాలి కింద మిషను. రంజాను నెల వచ్చిందంటే మేము నిద్రపోయాక ఇంటికి వచ్చి, మేము లేవక ముందే వెళ్ళిపోయేవారు. ఆయన గొంతు మేము తృప్తిగా విన్నది ఆదివారాలలోనే. ఫజ్ర్ నమాజు ముగించుకొని, వెదురు గాలం కర్ర భుజాన వేసుకొని, మా చేతికి బుట్ట ఇచ్చి రేవుకు నడిచేవారు. ఆ గాలానికి బెండుగా ఆయన కొయ్య దారపు రీలును కట్టారు. దారం అయిపోయిన రీలు అది. దానిమీద కంపెనీ ముద్ర సగం చెరిగి ఉండేది.

గట్టుమీద కూర్చున్నాక ఆయన నోరు తెరుచుకొనేది. మా తాతగారు ఊరూరా తిరిగి బట్టలు కుట్టిన సంగతులు, అమ్మీని పెళ్ళిచేసుకొన్న ఏడాది కట్నం వద్దన్నందుకు బంధువులు అలిగిన వైనం, అప్పు చేసి మిషను కొన్న కథ, అన్నీ ఆ బెండును చూస్తూనే చెప్పారు. ఎదురెదురుగా కూర్చొని ఉంటే ఆ మాటలు తండ్రి కొడుకుకు చెప్పగలిగేవాడు కాదేమో. ఇద్దరి చూపూ నీటిమీద ఉండడం వలన మాట తేలికయ్యేది.

చెప్పకుండానే నేర్పినవి మరికొన్ని. చంద్రుణ్ణి చూసి పోటుపాట్లు లెక్కగట్టేవారు. అమావాస్యకు, పౌర్ణమికి పోటు హెచ్చుగా ఉంటుందనీ, షాబాను, రంజాను నెలలను చెప్పే చంద్రుడే చేప ఎప్పుడు కదులుతుందో కూడా చెబుతాడనీ అనేవారు. వానపామును బతికుండగా ముల్లుకు గుచ్చనిచ్చేవారు కాదు. గోధుమపిండి ముద్ద పెట్టేవారు. ప్రాణమున్న ఎరను అలా హింసించడం ఫిఖ్హ్ పండితుల దృష్టిలో అయిష్టకరమని మేము చాలా కాలం తరువాత గ్రంథాలలో చదివాము. ఆయనకు ఆ మసలా తెలియదు. "దానికీ నొప్పి ఉంటుంది బేటా" అనేవారు, అంతే. వేలెడంత పిల్లచేప పడితే తిరిగి నీటిలో వదిలేవారు. తనంతట చచ్చి వెల్లకిలా తేలిన చేప ఎంత పెద్దదైనా ముట్టనిచ్చేవారు కాదు. హనఫీ మస్లక్‌లోని ఆ నియమం మాకు తొలిసారి నీటి ఒడ్డునే తెలిసింది.

ఒకసారి తొందరపడి జెల్లను ఒట్టి చేతితో పట్టుకొన్నాము. దాని ముల్లు అరచేతిలో దిగింది. ఏడుస్తూ ఉంటే ఆయన తిట్టలేదు. ఆ చేతిని తన చేతిలో పెట్టుకొని ఇంటిదాకా నడిపించారు. దారి పొడుగునా పట్టు విడువలేదు. ఆ రోజు బుట్టలో ఎన్ని చేపలున్నాయో మాకు జ్ఞాపకం లేదు.

ఇంటి దగ్గర అమ్మీ బూడిద వేసి చేపలు తోమేది. వేసవిలో అయితే పులుసులో చింతపండుకు బదులు మామిడికాయ పడేది. మొదటి గిన్నె పక్కింటికి వెళ్ళాకే మాకు వడ్డన.

తుఫాను తరువాత

1986 ఆగస్టు గోదావరి వరద కోనసీమవారు మరచిపోలేనిది. ఆ మరుసటి ఏడు మమ్మల్ని దూరదేశానికి దీనీ చదువుకు పంపారు. తొమ్మిదేళ్ళ తరువాత ఆలిమ్‌గా తిరిగి వచ్చాము. తలపాగా కొత్తది, మాట పదునుగా ఉండేది.

అదే ఏడాది, 1996 నవంబరు 6వ తేదీ రాత్రి, తుఫాను మా ప్రాంతంపై విరుచుకుపడింది. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. మా ఐ. పోలవరం మండలంలోని భైరవపాలెం వంటి మత్స్యకార గ్రామాలలో వేటకు వెళ్ళినవారు ఎందరో తిరిగి రాలేదు. దుకాణం రేకులు ఎగిరిపోయి మా ఇంటి పరిస్థితి కూడా తలకిందులయింది.

కొన్ని వారాల తరువాత ఒక ఆదివారం అబ్బాజాన్ గాలం కర్ర తీసుకొని బయలుదేరారు. మేము వాకిట్లో అడ్డుపడి, "జనం దిక్కులేక ఏడుస్తుంటే మీకు చేపల ఆట కావలసి వచ్చిందా? ఈ వయసులో కాలాన్ని వృథా చేయడం తగునా?" అన్నాము. కాలం విలువ గురించి ఒక ఆయతు కూడా చదివాము. ఆయన జవాబు చెప్పలేదు. గాలాన్ని మా చేతికిచ్చి, ఒట్టి చేతులతో రేవు వైపు వెళ్ళారు. ఆ గాలాన్ని మేమే వసారా దూలంమీద పెట్టాము. ఆయన దానిని మళ్ళీ దించలేదు.

తరువాత మా అబ్బాయి పెరిగాడు. "దాదాతో రేవుకు వెళ్తాను" అని ఒకటి రెండుసార్లు అడిగాడు. సబఖ్ పూర్తిచేయమన్నాము. ఆ పక్కనే కూర్చొని ఉన్న అబ్బాజాన్ తల వంచుకొని కాజాలు కుట్టుకొన్నారు.

ఆయన జనాజా నాడు రేవులోని మత్స్యకార పెద్ద ఒకాయన వచ్చారు. మేము చిన్నప్పటి నుండి బాబాయ్ అని పిలిచే మనిషి. ఖబ్రస్తాను గోడ అవతల నిలబడి, అందరూ వెళ్ళాక మాతో ఇలా అన్నారు: "బాబూ, తుపానుకి మా తమ్ముడు పోయాడు కదా. నేను నెల్లాళ్ళు నీళ్ళ వంక చూడలేకపోయాను. మీ నాన్నగారే వచ్చి, గాలం నేర్పమని అడిగేవారు. నేను నేర్పిందే, మళ్ళీ నేర్పమని! నన్ను నీళ్ళ దగ్గర కూర్చోబెట్టడానికి. ఒక ఆదివారం గాలం లేకుండానే వచ్చారు. ఏమయిందంటే, ముల్లు విరిగిందన్నారు."

మా మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. ముల్లు విరిగిందని చెప్పి మమ్మల్ని కప్పిపుచ్చారు.

ధర్మం ఏమంటున్నది?

మా పొరపాటు ధర్మం పేరుతో జరిగినది కనుక ధర్మం ఏమంటున్నదో చెప్పడం మా విధి. జలచరాల వేట, దాని ఆహారం ధర్మసమ్మతమని మాయిదా సూరా 96వ ఆయతు స్పష్టం చేసింది. ఇహ్రాం స్థితిలో నేలమీది వేట నిషిద్ధమైనా, నీటి వేటకు ఆ అడ్డు లేదు. అబూ ఉబైదా (రజియల్లాహు అన్హు) నాయకత్వంలో 300 మంది సహాబాలు ఆకలితో ఆకులు నమిలిన ప్రయాణంలో, సముద్రం ఒడ్డుకు చేర్చిన అంబర్ అనే మహా మత్స్యం వారి కడుపు నింపింది. మదీనా చేరాక దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అందులో మిగిలినదేమైనా ఉన్నదా అని అడిగి స్వయంగా ఆరగించారు. ఈ ఉదంతాన్ని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు నమోదు చేశాయి.

హద్దులు కూడా ఉన్నాయి. సబ్త్ దినాన చేపలు గుంపులుగా రావడం చూసి దైవాజ్ఞను మీరిన తీరవాసుల గాథ ఆరాఫ్ సూరాలో ఉన్నది. బెండు కదులుతున్నదని అస్ర్ నమాజును పోగొట్టుకొనేవారు ఆ గాథను తలచుకోవాలి. తినడానికి కాక, కేవలం పట్టి హింసించి ఆనందించడానికి ప్రాణిని వాడుకోవడం మన ధర్మానికి సరిపడదు. ఈ హద్దులలో ఉన్నంతవరకు ఇంటివారితో గడిపే సమయం వృథా కాదు. ఆ మాట మేము 1996లో తెలుసుకొని ఉండవలసింది.

కువైట్ నుండి ఫోను

మా అబ్బాయి ఇప్పుడు కువైట్‌లో పనిచేస్తున్నాడు. కోనసీమలో ఎన్నో ఇళ్ళ కథ ఇదే. రెండేళ్ళ క్రితం ఒక శుక్రవారం రాత్రి ఫోను చేశాడు.

"అబ్బా, ఇక్కడ గదిలో ఆరుగురం. ఈ రోజు అందరూ వాళ్ళ నాన్నల గురించి చెప్పుకొన్నారు. ఒకాయన నాన్న సంతకు తీసుకువెళ్ళేవారట. ఇంకొకాయనకు ఈత నేర్పారట. నా వంతు వచ్చింది. మీరు సబఖ్ అప్పజెప్పించుకోవడం తప్ప నాకు ఏమీ గుర్తు రాలేదు. దూలంమీద దాదా గాలం ఉండేదని చెప్పాను. నిష్ఠూరం కాదు అబ్బా, ఊరికే చెప్పాను."

వందలాది పిల్లలకు పాఠం చెప్పిన మనిషిమి. విద్య నేర్పేవారి కోసం నీటిలోని చేపలు సైతం క్షమాభిక్ష వేడుతాయన్న హదీసును ఎన్ని సభలలోనో వినిపించాము. ఆ రాత్రి మాకు మాట రాలేదు. వాడి సలాముకు జవాబిచ్చి ఫోను పెట్టేశాము.

దూలంమీది నుండి దించాము

వాడు సెలవుమీద వచ్చినప్పుడు నిచ్చెన వేసి గాలం దించాము. వెదురు పుచ్చిపోయి చేతిలో పొడి అయింది. ముల్లు తుప్పుపట్టింది. దారపు రీలు మాత్రం చెక్కుచెదరలేదు. కొత్త కర్రకు దానిని కట్టి, కోడలు, మనుమడు, మా ఇంటావిడ, అందరమూ రేవుకు వెళ్ళాము. ఆడవారు చెట్టు నీడన చాప పరిచారు. మూడు తరాల వాళ్ళము గట్టుమీద కూర్చున్నాము. ఏడేళ్ళ మనుమడు రీలును చూసి, "దాదా, ఇది ఎవరిది?" అన్నాడు.

మేము చెప్పడం మొదలుపెట్టాము. దర్జీ దుకాణం, జెల్ల ముల్లు, తుఫాను, వాకిట్లో మేమన్న మాట, బాబాయ్ చెప్పిన సంగతి, అన్నీ చెప్పాము. మనుమడికని మొదలుపెట్టిన మాటలు కొడుకు వింటున్నాడు. వాడు మా వైపు చూడలేదు. బెండు వైపే చూస్తూ, "మీరు ఎప్పుడూ చెప్పలేదు అబ్బా" అన్నాడు. "చెప్పి ఉండవలసింది, తప్పు మాదే" అన్నాము. ఆ మాట కొడుకుతో అనడం అదే మొదటిసారి.

ఈలోగా రీలు గభాలున మునిగింది. మనుమడు లాగాడు. పండుగప్ప కాబోలు, తెల్లగా ఒకసారి మెరిసి, ముల్లు వదిలించుకొని పోయింది. పిల్లవాడు ఏడుపు ముఖం పెట్టాడు.

అప్పుడు మాకు ప్రతి శుక్రవారం పఠించే కహఫ్ సూరా గుర్తుకు వచ్చింది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఒక యువకుణ్ణి వెంటబెట్టుకొని రెండు జలాల సంగమానికి ప్రయాణమైనారు. వెంట తెచ్చుకొన్న చేప ఒకచోట నీటిలోకి జారిపోయింది. ఆ సంగతి చెప్పడం యువకుడు మరచిపోయాడు. ముందుకు వెళ్ళి అలసిపోయాక విషయం తెలిసి, మనం వెతుకుతున్నది ఆ చోటనే అంటూ మూసా వెనుదిరిగారు. పెద్దవాడు, చిన్నవాడు కలిసి తమ అడుగుజాడలను వెతుక్కొంటూ వచ్చిన దారినే వెళ్ళారు. చేప పోయిన చోటనే వారికి కావలసిన మహాజ్ఞాని కలిశారు. దాని తఫ్సీరు ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. మేమూ ఒక రేవు దగ్గర చేపను వదిలి చాలా దూరం నడిచిపోయినవారమేనని ఆ రోజు వరకు తోచలేదు.

మనుమడికి ఆ గాథ చెప్పాము. "అయితే మనం రేపు కూడా ఇక్కడికే రావాలి" అన్నాడు.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

గోదావరితో చనువు పనికిరాదు. 2018 జులై 14న మా మండలంలోని పశువుల్లంక వద్ద పడవ బోల్తాపడి, బడి నుండి ఇంటికి వెళుతున్న పిల్లలు గల్లంతయ్యారు. వరద కాలంలో పిల్లలను నది దరికి తీసుకువెళ్ళవద్దు. పోటు ఎప్పుడు వస్తుందో స్థానిక మత్స్యకారులను అడగండి. వారు ఈ విద్యలో మనకు ఉస్తాదులు. దసరా దాటాక తూర్పుగాలికి యానాం తీరాన చీరలతో చీరమీను పట్టడం, వరదలో పులస ఎదురీదడం, వేసవిలో చేపలు గుడ్లు పెట్టే రోజులని సముద్రవేట ఆపడం, ఇవన్నీ వారి నోట పిల్లలకు వినిపించండి. తెగిన ప్లాస్టిక్ దారాన్ని ఒడ్డున వదలకండి, పక్షుల కాళ్ళకు చుట్టుకొంటుంది. నమాజు వేళకు గాలం పైకి తీసి, గట్టుమీదనే జమాఅత్‌గా నిలబడండి. ఫోన్లు ఇంటి దగ్గర ఉంచండి.

నది దగ్గరలో లేనివారు చెరువుకు వెళ్ళవచ్చు. అదీ లేకపోతే మేడమీదకైనా వెళ్ళి పక్కపక్కన కూర్చోవచ్చు. మీ తండ్రి మీకు చెప్పిన సంగతి ఒకటి, మీరు మీ తండ్రికి చెప్పలేకపోయిన సంగతి ఒకటి పిల్లలకు చెప్పండి. తండ్రి జీవించి ఉన్నవారు ముందుగా ఆయన దగ్గరకు వెళ్ళి, ఈ ఆదివారం ఎక్కడికి వెళ్దామని అడగండి.

ఆ దారపు రీలు ఇప్పుడు దూలంమీద లేదు. మనుమడి పుస్తకాల సంచిలో ఉన్నది. అల్లాహ్ మా అబ్బాజాన్ తప్పులను మన్నించి, ఆయన ఖబ్రును వెలుగుతో నింపుగాక! ఆయన పట్ల మా తప్పును కూడా మన్నించుగాక! ఆమీన్.