వార్తల్లో పదం: ఫండోప్లికేషన్

సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ ముద్ద చూడగానే మొహం తిప్పేస్తే, రాత్రుళ్లు విల్లులా వెనక్కి వంగి ఏడిస్తే, అది మారాం కాకపోవచ్చు. ఛాతీలో మంట ఉన్నా నోటితో చెప్పలేకపోవచ్చు మరి. అన్నవాహిక అడుగునున్న కండర కవాటం వదులైతే పొట్టలోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. ఎప్పుడూ పడుకునే ఉండటం, వంకరపోయిన వెన్ను, బిగుసుకునే కండరాలు, మలబద్ధకం దాన్ని ఇంకా పెంచుతాయి. అన్నవాహికలో పుండు పడుతుంది. ఆమ్లం ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా.

ఈ సమస్య మందులకు లొంగకపోతే, జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ కండువాలా చుట్టి కుట్టేస్తారు. అదే ఫండోప్లికేషన్. దీన్ని 1955లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే శస్త్రవైద్యుడు మొదలుపెట్టాడు. నాడీ సమస్యలున్న పిల్లల్లో ఈ చుట్టు వదులై, మంట తిరగబెట్టడం ఎక్కువ. మరీ బిగిస్తే తేన్పు కూడా రాదు.