నెగటివును చదువుట యెట్లు?



నలుపు తెలుపు ఫొటో చక్కగా రానిచో కెమెరాను నిందించుట పరిపాటి. కాని దోష మెచట జరిగినదో నెగటివే చెప్పును. దానిని చదువ నేర్వనివారు కారణ మొకటి యుండగా మరియొకటి సవరించి, తరువాతి ఫిల్మును గూడ పాడుచేసికొందురు.

ఫిల్ముపై నున్న జిలాటిన్ పొరలో వెండి లవణపు కణములు గలవు. వెలుతురు సోకిన కణములను డెవలపరు నల్లని వెండిగా మార్చును. సోకని వానిని హైపో కరగించివేయును. హైపోకు గల యీ గుణమును జాన్ హెర్షెల్ 1819లో కనుగొనెను. కావుననే తెల్లని చొక్కా నెగటివులో నల్లగాను, నల్లని జుట్టు తేటగాను కనబడును.

నెగటివు తయారగుటలో ముఖ్యమైన పనులు రెండు: కెమెరాలో వెలుతురు సోకుట, చీకటిగదిలో ఫిల్ము కడుగుట. డెవలపరులో నీడ భాగములు త్వరలోనే తమ రూపమును పొంది, ఆపై అంతగా మారవు. వెలుగు భాగములు మాత్రము కాలము గడచినకొలది నల్లబడుచునే యుండును. కావున మొదటి పనికి నీడలు సాక్షి. రెండవ పనికి వెలుగులు సాక్షి.

నెగటివును తెల్లని కాగితమునకు ఎదురుగా పట్టి చూడుడు. జుట్టులోను, చెట్టునీడలోను ఏ వివరమును లేక వట్టి ఫిల్మే కనబడినచో వెలుతురు చాలలేదు. నీడలలో వివర ముండియు చొక్కా బూడిదరంగుగా వెలవెలబోయినచో కడుగుట చాలలేదు. నీడలు సరిగా నుండి, చొక్కా మాత్రము మిక్కిలి నల్లబడినచో కడుగుట హెచ్చినది. నీడలు సహితము నల్లబడినచో సాధారణముగా వెలుతురే హెచ్చినదని యెరుగునది.

ఇంకను సందేహ మున్నచో ఫిల్ము అంచున గల అంకెలను చూడుడు. అవి కర్మాగారములోనే వెలుతురుతో ముద్రింపబడినవి. కెమెరాతో వానికి సంబంధము లేదు. అంకెలు స్పష్టముగా నుండి బొమ్మలు పలుచనైనచో తప్పు కెమెరాలో జరిగినది. రెండును వెలవెలబోయినచో తప్పు చీకటిగదిలోనిది. అంకెలుండి బొమ్మలే లేనిచో ఫిల్ము కదలలేదేమో, షట్టరు తెరచుకొనలేదేమో చూడవలెను. అంకెలును లేక అంతయు తేటగా నున్నచో డెవలపరు పనిచేయలేదు, లేదా హైపోనే ముందు పోసిరి.

మన ఎండకాలమున మరియొక చిక్కు గలదు. డి-76 వంటి డెవలపర్లకు సాధారణముగా 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కాలము నిర్ణయింతురు. నీరు 30 డిగ్రీలున్నపుడు అంతే కాలము కడిగినచో వెలుగులు మితిమీరి నల్లబడును, జిలాటిను మెత్తబడును. డెవలపరు పాత్రను మంచునీటి తొట్టిలో నుంచి ధర్మామీటరుతో చూచుకొనవలెను. హైపోను, కడుగు నీటిని గూడ దాదాపు అదే వేడిలో నుంచవలెను. లేనిచో పొర ముడుతలు పడును.

కొన్ని దోషములకు చికిత్స గలదు. కడిగిన వెంటనే ఫిల్ము పాలవలె మసకగా నున్నచో, క్రొత్త హైపోలో మరల నుంచి బాగుగా కడుగవలెను. మిక్కిలి నల్లబడిన దానిని పలుచబరచుటకు హోవర్డ్ ఫార్మర్ 1883లో తెలిపిన ద్రావకము కలదు. కాని నీడలలో వెలుతురు వ్రాయని దానిని ఏ మందును వ్రాయజాలదు.

నేడు ఫిల్ము వాడువారు కొలదిమందియే. అయినను మన పెద్దల పెండ్లిండ్లు, పాఠశాలల పాత వార్షికోత్సవములు అనేకము నెగటివులలోనే యున్నవి. నల్లగానో పలుచగానో ఉన్నదని వానిని పారవేయకుడు; మందులలో ముంచకుడు. ముందు చదువుడు. నీడలలో వివర మున్నచో నేటి స్కానరుతో ఆ ముఖములను మరల చూడవచ్చును.