సంబంధం లేదని రాసుకుంటే సరిపోతుందా?

వంద రూపాయల స్టాంపు పేపరు. పైన బిల్డరు పేరు, కింద సెంట్రింగ్ మేస్త్రీ సంతకం. చదరపు అడుగుకు ఇంత, స్లాబుకు ఇంత అని రేట్లన్నీ రాశాక చివర్లో ఒక మాట: ‘పనిలో ఏ ప్రమాదం జరిగినా బాధ్యత మేస్త్రీదే, బిల్డరుకు ఎలాంటి సంబంధం లేదు.’ మారేడ్‌పల్లిలోనో అల్వాల్‌లోనో పాత ఇల్లు పడగొట్టి ఐదంతస్తులు లేపేచోట ఇలాంటి కాగితం కొత్తేమీ కాదు. అది బీరువాలో ఉంటే చాలు, తాను గట్టునపడ్డట్టేనని బిల్డరు నమ్ముతాడు. చట్టం అలా అనుకోదు.

మూడో అంతస్తు పరంజా మీంచి పాలమూరు కూలీ ఒకడు జారి నడుం విరగ్గొట్టుకున్నాడనుకుందాం. అతను ఆ కాగితం చూడలేదు, దాని మీద సంతకం పెట్టలేదు. ఇద్దరు రాసుకున్న మాట మూడో మనిషి హక్కును ఎలా తీసేస్తుంది? 1923 నాటి కార్మిక పరిహార చట్టం 12వ సెక్షన్ ఇక్కడే నిలబడింది. తన వ్యాపారంలో భాగమైన పనిని ఇంకొకరికి గుత్తకిచ్చినవాడు, ఆ గుత్తేదారు కూలీలను తానే పనిలో పెట్టుకున్నట్టు లెక్కగట్టి పరిహారం చెల్లించాలి. చెల్లించాక ఆ సొమ్మును గుత్తేదారు దగ్గర రాబట్టుకోవచ్చు. కూలీ చేతనే ‘నాకేమీ వద్దు’ అని ముందుగా సంతకం పెట్టించుకున్నా అది చెల్లదని 17వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ రెండు సూత్రాలూ ఉన్నాయి.

అలాగని ఆ స్టాంపు పేపరు పూర్తిగా వృథా కాదు. నష్టం నువ్వు భరిస్తావా నేను భరిస్తానా అని ఇద్దరూ తేల్చుకోవచ్చు; 1872 నాటి కాంట్రాక్టు చట్టం 124వ సెక్షన్ అలాంటి పూచీని గుర్తిస్తుంది. అయితే అదే చట్టం 23వ సెక్షన్, మరో చట్టం ఉద్దేశాన్ని దెబ్బతీసే ఒప్పందం చెల్లదంటుంది. డబ్బు చివరికి ఎవరి జేబులోంచి పోవాలో రాసుకోవచ్చు కానీ, గాయపడ్డవాడికి రావాల్సింది లేదని రాసుకోలేరు. ఇంగ్లండ్‌లో 1977 చట్టం ఇంకా సూటిగా ఉంది: వ్యాపారంలో ఒకరి నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోయినా గాయపడినా, ఆ బాధ్యతను కాంట్రాక్టు షరతుతో తప్పించుకోలేరు. పెద్ద కాంట్రాక్టరు చేసిన తప్పుకు చిన్న కాంట్రాక్టరు నష్టం కట్టాలనే షరతులను అమెరికాలో చాలా రాష్ట్రాలు కట్టడి చేశాయి. నిర్మాణ రంగం కోసమే అలాంటి ప్రత్యేక చట్టం మనకు లేదు. ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను.

ఫ్లాటు కొన్నవారి సంగతికొస్తే, 2016 నాటి రెరా చట్టం అండగా ఉంది. స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడి చెబితే, బిల్డరు 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. కొన్నవారు వాయిదా ఆలస్యం చేస్తే 18 శాతం వడ్డీ, బిల్డరు తప్పితే 9 శాతమే అన్న ఒప్పందాన్ని 2019లో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు ఏకపక్షమని తేల్చింది.

ప్రభుత్వ పనుల్లో మాత్రం న్యాయం ఇంత తేటగా లేదు. రైల్వే కాంట్రాక్టుల సాధారణ షరతుల్లో 17ఎ అనే నిబంధన ఉంది: స్థలం అప్పగించడంలో రైల్వేనే ఆలస్యం చేసినా కాంట్రాక్టరుకు గడువు పెంచుతారు, నష్టపరిహారం మాత్రం ఇవ్వరు. ఆ నెలలన్నీ యంత్రాల అద్దె, కూలీల బత్తెం కాంట్రాక్టరే మోయాలి. నష్టం అడిగే హక్కును మూలంలోనే తుడిచేసే ఇలాంటి షరతులు చెల్లవని 2010లో సింప్లెక్స్ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2025లో రైల్వే సంస్థ ఇర్కాన్ కేసులో మాత్రం, అలాంటి షరతుకు ఒప్పుకుని గడువు పొడిగింపు తీసుకున్న కాంట్రాక్టరుకు సుప్రీంకోర్టు పరిహారం నిరాకరించింది. తప్పు ఎవరిదైనా భారం బలహీనుడిదే అనే షరతును కాగితం మీద రాసుంది కదా అని ఒప్పుకోవడం నాకు మింగుడుపడదు. పైన రైల్వే, కింద పెద్ద కాంట్రాక్టరు, అతని కింద సబ్ కాంట్రాక్టరు, అడుగున మేస్త్రీ. పైన మొదలైన నష్టం మెట్టుమెట్టుకూ దిగి చివరికి కూలీ వారపు బట్వాడాలో కోతగా తేలుతుంది.

మళ్లీ మన మేస్త్రీ దగ్గరికొద్దాం. బిల్డరు లక్షల్లో పరిహారం కట్టి, కాగితం పట్టుకుని వెళ్లాడు. మేస్త్రీ ఇంట్లో ఉన్నవి నాలుగు జాకీలు, కొన్ని ప్లేట్లు, అప్పు మీద కొన్న బండి. రాబట్టుకునే హక్కు ఉన్నా, రాబట్టడానికి అక్కడేమీ లేదు. పని మొదలుకాకముందే గుత్తేదారు కూలీలకూ వర్తించేలా పరిహార బీమా తీసుకుని, అందులో ఎంతమంది కూలీలున్నారో సరిగ్గా రాయించి, ప్రీమియాన్ని పని రేటులోనే కలుపుకుంటే ఆ ఇద్దరూ నిలబడతారు. పడ్డ కూలీకీ ఆసుపత్రి మంచం మీద ఉండగానే డబ్బు అందే దారి ఉంటుంది.