కామయు పిడియు : పాత పనిముట్లకు క్రొత్త కొయ్య అమర్చుట

రైతులు, వడ్రంగులు, కమ్మరులు వాడు చేతి పనిముట్లలో పెక్కింటికి రెండు భాగములుండును: ఒకటి ఇనుము, రెండవది కొయ్య. ఈ రెంటి ఆయువు సమానము కాదు. శ్రద్ధగా వాడిన గొడ్డలి ఇనుము రెండు మూడు తరములు నిలుచును. దాని కొయ్య మాత్రము కొన్ని యేండ్లకే విఱుగుటయో, చివుకుటయో, పురుగు పట్టుటయో సంభవించును. కావున పాత పనిముట్టును నిలుపుకొనుట యనగా పెక్కుసారులు దానికి క్రొత్త కొయ్య అమర్చుటయే. ఈ పని అల్పముగా కనబడును. కాని కొయ్యజాతి, దానిలోని తేమ, ఇనుప పదను, వాడువాని చేయి అను నాలుగు విషయముల జ్ఞానము ఇందులో ఇమిడియున్నది. ఆ జ్ఞానము గ్రంథములలోకంటె మాటలలోనే యెక్కువగా నిలిచినది. ఆ పనిని మాటలనుబట్టియు, ఆ మాటలను పనినిబట్టియు వివరించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఇట్టి వివరణము నేడు అవసరమగుటకు కారణము కలదు. అంగళ్లలో ఇనుప గొట్టములు, ప్లాస్టిక్కు పిడులు అమర్చిన పనిముట్లు దొరకుచున్నవి. అవి విఱిగినపుడు బాగుచేయువారు తక్కువ. పాత యినుము కొనువాని బండికెక్కించువారే యెక్కువ. ఇందువలన పోవునది పనిముట్టు ఒక్కటే కాదు. దానిని బాగుచేయు సందర్భమున మాత్రమే వినబడు మాటలును దానితో పోవును.

చరిత్ర సైతము ఇనుమునకిచ్చిన గౌరవము కొయ్యకు ఇయ్యలేదు. బళ్లారి చేరువనున్న సంగనకల్లువంటి చోట్ల నవీన శిలాయుగపు రాతిగొడ్డళ్లు విరివిగా లభించినవి. వాని కొయ్యలు మట్టిలో కలిసిపోయినవి. నాగపూరు ప్రాంతమున మహూర్ఝరి, నైకుండ్ అను చోట్ల బృహచ్ఛిలా సమాధులనుండి వెలువడిన ఇనుప గొడ్డళ్లలో కొన్నింటికి అడ్డదిడ్డముగా చుట్టిన ఇనుప పట్టీలున్నవి. బెజ్జము లేని పలక గొడ్డలిని కొయ్యకు కట్టి నిలుపుటకు అవి సాధనములు. కట్టు నిలిచినది, కట్టబడినది పోయినది. తెలంగాణములో నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున తయారైన ఉక్కును గుఱించి వాయిసీ వ్రాసిన వృత్తాంతము 1832లోనే ప్రచురితమైనది. ఆ ఉక్కుతో చేసిన పనిముట్టును పట్టుకొనుటకు ఏ కొయ్య వాడిరో చెప్పు వ్రాత అంత సులభముగా దొరకదు. కొయ్య విషయమున మనకు మిగిలిన ప్రధానమైన ఆధారము భాషయే.

తెలుగున పనిముట్టు కొయ్యకు ముఖ్యముగా రెండు మాటలు కలవు: కామ, పిడి. మొదటి మాటకు కోరిక యను అర్థముగల సంస్కృత శబ్దముతో సంబంధము లేదు. ఇది ద్రావిడ పదము. తమిళ మలయాళములలోని 'కాంపు', కన్నడములోని 'కావు' దీనికి జ్ఞాతి పదములు. తమిళమున 'పాంపు', కన్నడమున 'హావు', తెలుగున 'పాము' అను వరుసను దీనితో పోల్చిన ధ్వనుల సంబంధము స్పష్టమగును. తమిళ 'కాంపు'నకు పూవు కాడ, గొడుగు కఱ్ఱ, పనిముట్టు కఱ్ఱ అను అర్థములు కలవు. తెలుగు 'కామ'కును కాడయను అర్థము కలదు. తమిళమున స్వజనమునకే చేటు తెచ్చువానిని గొడ్డలికామతో పోల్చుదురు. చెట్టులో పుట్టి చెట్టునే నఱకుటకు తోడ్పడునది గదా! గొడ్డలిలో చేరినను ఆ కొయ్య చెట్టు సంబంధమును కోల్పోలేదని ఈ వాడుక చెప్పుచున్నది.

పిడి యను మాట త్రోవ వేఱు. పిడికిలి, పిడికెడు అను మాటలలో ఉన్న ధాతువే ఇందును కలదు. తమిళమున 'పిడి' యనగా పట్టుకొనుట. కాగా కామ యనునది చెట్టును చూచి పెట్టిన పేరు. పిడి యనునది చేతిని చూచి పెట్టిన పేరు.

వాడుకలో సామాన్యముగా గొడ్డలి, పార, సమ్మెట మొదలగువానికి కామయనియు, కొడవలి, కత్తి, ఉలి, ఆకురాయి మొదలగువానికి పిడియనియు అందురు. ఇది అన్ని తావులందును తప్పని నియమము కాదు. సుత్తికి కామ యనువారును, పిడి యనువారును కలరు. రెంటిని విడిచి కఱ్ఱ యని సరిపెట్టువారును కలరు. అయినను ఈ రెండు జట్ల పనిముట్లను చేతబట్టి చూచినచో వానిలో ఒక నిర్మాణభేదము కనబడును. గొడ్డలి జట్టులో ఇనుమునకు బెజ్జముండును. కొయ్య ఇనుములో దూరును. కొడవలి జట్టులో ఇనుము తోకవలె సన్నగా సాగియుండును. ఇనుము కొయ్యలో దూరును. 'కామ'ను 'పిడి' యని వివరించి ఊరకున్నచో ఈ భేదము మఱుగుపడును.

ఈ భేదమునుబట్టియే పనిముట్టుకు వచ్చు చేటును, చేయవలసిన చికిత్సయు మారును. దీనిని గ్రహించుటకు కొయ్య స్వభావము కొంత తెలియవలెను. పచ్చికొయ్యలో నీరు రెండు తావుల నుండును: కణముల బోలులో కొంత, కణముల గోడలలో కొంత. బోలులోని నీరు ముందుగా పోవును. అప్పుడు కొయ్య కుదించుకొనదు. తేమ ఎండుకొయ్య బరువులో సుమారు నూటికి 30 వంతులకు దిగిన పిమ్మట గోడలలోని నీరు పోనారంభించును. కుదింపు అప్పుడు మొదలగును. ఈ కుదింపు నిడివిలో అత్యల్పము, అడ్డముగా నధికము. అడ్డములోను చెట్టు నడిమినుండి బెరడువైపునకు ఎంత కుదించుకొనునో, చుట్టు దిశయందు దానికి సుమారు రెండింతలు కుదించుకొనును.

ఇప్పుడు రెండు జట్లను పోల్చి చూడుడు. ఇనుప బెజ్జములో ఉన్న కామ ఎండి కుదించుకొన్నచో ఇనుమునకును కొయ్యకును నడుమ సందు ఏర్పడును, గొడ్డలి వదులగును. ఇనుప తోకను చుట్టియున్న పిడి ఎండి కుదించుకొన్నచో లోని ఇనుము లొంగదు గనుక పిడి పగులును. కారణమొకటియే; ఫలము లొకచోట వదులు, ఒకచోట పగులు. మొదటిదానికి విరుగుడు చీల. రెండవదానికి విరుగుడు పొన్ను. చీల కొయ్యను లోపలినుండి వెలికి నెట్టును; పొన్ను కొయ్యను వెలినుండి లోనికి బిగించును. పనియంతయు ఈ సూత్రముపై నడచును.

ముందు కామ సంగతి. పాత గొడ్డలి బెజ్జములో విఱిగిన కొయ్యముక్క బిగిసియుండును. దానిని నిప్పులోవైచి కాల్చి తీయుట సులభమని తోచును, అది తగదు. ఉక్కు వేడిమి సుమారు 200 సెంటిగ్రేడు డిగ్రీలు దాటిన కొలది దాని కాఠిన్యము తగ్గుచుండును. మెఱుగు తేలిన తలము సుమారు 300 డిగ్రీలకు నీలివన్నె తిరుగును. అంతవఱకు కాగిన వాదర మెత్తబడును; మరల కమ్మరి పదను పెట్టినగాని పనికిరాదు. పదను అను మాటను రైతు నేలకును వాడును, కమ్మరి ఇనుమునకును వాడును. నేలకు తగినంత తేమ, ఇనుమునకు తగినంత గట్టిదనము. రెంటను తగినంత యనుటయే ముఖ్యము. కావున మిగిలిన కొయ్యను ఉలితో తొలిచి, బెజ్జమునకు వెడల్పైన వైపునుండి వెలికి గొట్టవలెను. పిమ్మట బెజ్జపు అంచులను ఆకురాయితో నున్నచేయవలెను. వాడిగల అంచు క్రొత్త కామను లోలోపల కోయుచుండును.

కొయ్య ఎంపికలో మన ప్రాంతములయందు చిరుమాను, నల్లతుమ్మ, తడ మంచి పేరుగలవి. చిరుమానును బండి ఇరుసులకు వాడుటచే ఆంగ్లమున దానికి ఇరుసుకొయ్య యను అర్థముగల పేరు కలిగినది. నల్లతుమ్మ నాగళ్లకును, బండిచక్రములకును వచ్చును. తడ వంగి మరల నిలువగల కొయ్య. టేకు చెదలకు సులభముగా లొంగదు, చెక్కుటకు అనువైనది. కాని దెబ్బను సహించుటయందు చిరుమానుతో సరితూగదు. జాతికంటెను ముఖ్యమైనది పోగు. కొయ్యలోని పోగులు ఈ కొననుండి ఆ కొనవఱకు తెగక సాగవలెను. రంపముతో కోసిన ముక్కలో పోగు ఏటవాలుగా తెగిపోవచ్చును. గొడ్డలితో చీల్చిన ముక్క పోగు వెంటనే విడివడును. అందుచేత కామకు చీల్చిన కొయ్య శ్రేష్ఠము. ముడులున్న కొయ్యను విడిచిపెట్టవలెను.

చీల్చిన కొయ్యను నీడలో ఎండనీయవలెను. ఎండలో త్వరపెట్టినచో కొనలు పగులును. బాగుగా నెండిన పిమ్మట బాడిసతో చెక్కి, చిత్రిక పట్టి, గాజుపెంకుతో గీకి నున్నచేయుదురు. విఱిగిన పాత కామను ఈ పని ముగియువఱకు పారవేయరాదు; క్రొత్తదానికి అదియే కొలత. దాని నిడివి, వంపు, చేతి రాపిడికి నున్నబడిన తావులు చూచినచో దానిని వాడినవాని ఎత్తును, పట్టును తెలియును. అంగడిలోని కామ అందఱికొఱకు చేసినది. ఇది ఒక్కని చేతికొఱకు చేసినది.

కామను బెజ్జములోనికి దింపు పద్ధతులు రెండు. గైంతివంటి పనిముట్టునకు బెజ్జము ఒకవైపు వెడల్పు, ఒకవైపు ఇఱుకు. కామ లావుకొన పైనుండి దిగి బిగియును. విసరినకొలది అది మఱింత బిగియునే గాని ఊడిపోదు. దీనికి చీల అక్కఱలేదు. రెండవ పద్ధతిలో సన్నని కొన క్రిందినుండి బెజ్జములోనికి ఎక్కును. ఈ కొనను బెజ్జపు నిడివి వెంబడి ముందుగా రంపముతో కోసియుంతురు. అలుగును క్రిందికి వ్రేలాడునట్లు పట్టుకొని, కామ వెనుక కొనను కొయ్యసుత్తితో కొట్టుదురు. కామ కదలును, బరువైన ఇనుము తన జడత్వముచే వెంటనే కదలదు, అందుచేత కొయ్య బెజ్జములోనికి క్రమముగా చొచ్చును. పిమ్మట ఎండిన గట్టికొయ్యతో, ఒకవైపు పలుచగా ఒకవైపు మందముగా చెక్కిన చీలను కోతలో దిగగొట్టుదురు. కొయ్య ఇరుప్రక్కలకు విచ్చుకొని బెజ్జమును నింపును.

వదులైన గొడ్డలిని నీటిలో నానవేయుట పల్లెలలోను, పట్టణములలోను కలదు. ఆనాటి పని గడచును. కాని ఉబ్బిన కొయ్యకు ఇనుము చోటీయదు గనుక పోగులు లోలోపల నలిగిపోవును. మరల ఎండినపుడు కొయ్య మునుపటికంటె సన్నబడును. నానిన కొలది వదులు పెరుగును. కావున అది చికిత్స కాదు, వాయిదా మాత్రమే.

పిడి సంగతి దీనికి భిన్నము. తోక లావుకంటె బెజ్జము కొంచెము ఇఱుకుగా, లోనికి పోను పోను సన్నముగా తొలువవలెను. బెజ్జము తొలుచుటకు ముందే పిడి మొదటికి లోహపు కట్టు తొడుగవలెను. రోకలికొనకు వేయు కట్టువలెనే దీనికిని పొన్ను అను పేరు చెల్లును. పొన్ను లేక తోకను దిగగొట్టుట పిడిని చీల్చుటకే యగును. కొడవలి తోక పిడి వెనుకకు పొడుచుకొని వచ్చినచో దాని మొనను మడచుదురు. కత్తులకు బెజ్జమున లక్కపొడి నింపి, తోకను మాత్రము వేడిచేసి దింపుటయు ప్రాత పద్ధతియే. అప్పుడు అలుగును తడిగుడ్డతో చుట్టి పదను కాపాడవలెను. సుత్తిదెబ్బ తగులు ఉలిపిడికి పైకొనను కూడ పొన్ను తొడుగుట మేలు. చివరకు కామకైనను పిడికైనను అవిసెనూనె పట్టించుట మంచిది. అది గాలికి ఆఱి గట్టిపడును. ఆముదము ఆఱదు; చేతికి జిగురుగా తగులును.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. పైన చెప్పినది వాడుకలో నున్న పనిముట్లకే చెల్లును. ప్రదర్శనశాలకు చేరవలసిన పాత పనిముట్టునకు క్రొత్త కామ తొడుగుట దానిని బాగుచేయుట కాదు. అచట చివికిన కొయ్యయే సాక్ష్యము. దానిని తీసివేసినచో వాడినవాని చేతి గుఱుతు పోవును. పొలమునకు పోవు గొడ్డలికి క్రొత్త కామ ప్రాణము. ప్రదర్శనశాలకు పోవు గొడ్డలికి పాత కామ ప్రాణము.

పరిశోధక విద్యార్థులకు దీనివలన కలుగు ప్రయోజనము చెప్పి ముగింతుము. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన వ్యవసాయ వృత్తి పదకోశము, పనివారి నోటినుండి మాటలను సేకరించుటకు మార్గము చూపినది. ఆ మార్గమున నడచువారు పనిముట్టును చూపి, దీని పేరేమి యని అడుగుట సహజము. దానికి వచ్చు సమాధానము ఒక నామవాచకము. ఇది వదులైనపుడేమి చేయుదురు, పగిలినపుడేమి చేయుదురు అని అడిగినచో క్రియలు వచ్చును: చీల్చుట, చెక్కుట, చిత్రిక పట్టుట, దిగగొట్టుట, పొన్ను తొడుగుట, తోక మడచుట. ఏ క్రియ కామకు చెల్లును, ఏది పిడికి చెల్లును అను వివరము అప్పుడే తెలియును. నామవాచకము పనిముట్టు చిత్రముతో పాటు నిలువవచ్చును. క్రియ పని జరుగుచున్నంతవఱకే నిలుచును. కావున పదసేకరణకు పోవువారు క్రొత్త పనిముట్లు అమ్ము అంగడికంటె ముందుగా, విఱిగిన పనిముట్లు చేరు కమ్మరి కొలిమికిని వడ్రంగి వాకిటికిని పోవలెనని మా యభిప్రాయము. వీలైనచో ఒక పాత కొడవలికి తామే పిడి యమర్చి చూడవలెను. పొన్ను ముందా, బెజ్జము ముందా యను ప్రశ్న అప్పుడు వారికి తానుగా తోచును. దానిని పనివాని నడిగినపుడు వచ్చు సమాధానములో నిఘంటువున కెక్కని మాటలు దొరకవచ్చును.