బాబిలోను ఏడుపు పాట చిందు పాటైన వైనం



మా మడకశిర వైపు వానలు మొగం చాటేసిన ఏడు, ఇంటికి తాళం పెట్టి బెంగుళూరికి కూలికి పోయేవాళ్ళు ఎందరో. అక్కడ పొద్దుగూకినాక ఎవరైనా "మీ ఊరి పాటొకటి పాడమ్మా" అంటే గొంతు పెగలదు. బైబిలు 137వ కీర్తనలో ఉన్నదీ ఇదే కష్టం. క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దంలో యెరూషలేము నుంచి చెరపట్టి తీసుకుపోయిన యూదులు, వాద్యాలను చెట్లకు తగిలించి, బాబిలోను నదుల దగ్గర కూచుని ఏడుస్తారు. చెరపట్టినవాళ్ళేమో పాడమంటారు!

1970లో జమైకాలో 'మెలోడియన్స్' బృందంవారు దీన్ని 'రివర్స్ ఆఫ్ బాబిలోన్' అనే రెగ్గే పాటగా కట్టారు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావారి సంతతి వాళ్ళది. అక్కడి రాస్తఫారీ మతస్థులకు బాబిలోను అంటే తమను అణిచే ప్రభుత్వమే. సర్కారుకు అది గిట్టక మొదట పాటను నిషేధించింది, బైబిలు మాటలే కదా అన్నాక వదిలింది.

1978లో జర్మనీ నిర్మాత ఫ్రాంక్ ఫారియన్ తన 'బోనీ ఎం' బృందానికి దీన్ని తీసుకున్నాడు. ఆగకుండా నడిచే డ్రమ్ము పెట్టి, గొంతుమీద గొంతు పేర్చి, చర్చిలో బృందగానంలా వినిపించాడు. రాస్తఫారీలు తమ రాజును తలిచే మాట తీసేసి దేవుడి పేరు పెట్టాడు. అమ్మకానికి అది మంచిదే కావచ్చు గానీ, నాకు మాత్రం మనసొప్పదు. పాడిన లిజ్ మిచెల్, మార్షా బారెట్ ఇద్దరూ జమైకాలో పుట్టి, చిన్నప్పుడే ఇంగ్లండుకు వలస వచ్చినవాళ్ళు. వేదిక మీద నలుగురు కనిపించినా, మిగతా ఇద్దరూ మన సినిమా తారల్లాగా పెదవులు కదిపేవారే.

బ్రిటన్‌లో 5 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. జోరు తగ్గుతుండగా రేడియోవాళ్ళు రికార్డు తిరగేసి, రెండోవైపున్న 'బ్రౌన్ గర్ల్ ఇన్ ద రింగ్' వేయసాగారు. అది పిల్లలు గుండ్రంగా నిలబడి ఆడుకునే కరీబియన్ పాట. అదీ రెండో స్థానం దాకా ఎక్కింది. ఆ దేశంలోనే దాదాపు 20 లక్షల రికార్డులు పోయాయి.

ఏడుపు పాటకు చిందులేమిటని అడుగుతారేమో. మన చెక్కభజనలో రాముడు అడవికి పోయే ఘట్టం పాడుతూనే అడుగులు వెయ్యడం లేదూ?

ఇంకొక్క సంగతి. ఆ కీర్తన చివర, శత్రువుల పసిపిల్లలను బండకేసి కొట్టాలనే ఘోరమైన శాపం ఉంది. జమైకావాళ్ళు దాన్ని వదిలేసి, మా నోటిమాటా మనసులోని తలపూ నీకు నచ్చాలి స్వామీ అని వేడుకునే 19వ కీర్తన చివరి వచనం తెచ్చి కలిపారు. ఫారియన్ కూడా దాన్ని అలాగే ఉంచాడు.