పది దాకా లెక్క వస్తే చాలు

పసిబిడ్డకు జలుబు చేసింది. దగ్గుతున్నాడు. పాలు సరిగా తాగడం లేదు. డొక్కలు ఎగరేస్తున్నాడు.

ఇంట్లో ఒకరు దిష్టి తగిలిందంటారు. ఇంకొకరు రేపు చూద్దామంటారు. రేపటికి బిడ్డ ఎలా ఉంటాడో ఎవరికి తెలుసు?

ఇది మామూలు జలుబా? ప్రాణం తీసే న్యుమోనియానా? ఆ అనుమానం ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. పది దాకా లెక్క వస్తే చాలు. ఈ మాట అన్నది డాక్టర్లే. ఊరికే అనలేదు. చేసి చూపించారు. ఆ కథ చెప్పుకుందాం.

కాళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డున నిలబడి చూడండి. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. ఆ జిల్లా పేరు గడ్చిరోలి. అక్కడ అడవి ఎక్కువ. గోండులు ఎక్కువ. సిరొంచ వైపు తెలుగు మాట్లాడేవాళ్ళూ ఉన్నారు.

1986లో ఆ జిల్లాకు ఇద్దరు డాక్టర్లు వచ్చారు. వాళ్ళు భార్యాభర్తలు. ఆయన పేరు అభయ్ బంగ్. ఆమె పేరు రాణీ బంగ్. ఇద్దరూ నాగపూరులో డాక్టరీ చదివారు. తరవాత అమెరికా వెళ్ళి ప్రజారోగ్యం చదివారు. అంటే ఒక్క రోగిని కాదు, ఊరంతటినీ ఎలా బాగు చెయ్యాలో నేర్పే చదువు. అంత చదివినవాళ్ళు పట్నంలో ఉంటే బాగా సంపాదించుకునేవాళ్ళు. కాని అడవి జిల్లాకు వచ్చారు. 'సెర్చ్' అనే సంస్థ పెట్టారు.

వచ్చీ రాగానే అంతా బాగా జరిగిందనుకోకండి. మొదట్లో ఒక పొరపాటు చేశారు. ఊళ్ళలో జనం రక్తం తీసి పరీక్ష చేశారు. కొడవలి కణాల జబ్బు బయటపడింది. ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తపు జబ్బు. కొత్త సంగతి కనిపెట్టామని డాక్టర్లు సంతోషించారు. జనం సంతోషించలేదు. ఆ జబ్బును పూర్తిగా నయంచేసే మందు అప్పుడు లేదు. అసలు ఆ పరీక్ష చెయ్యమని ఎవరూ అడగలేదు. డాక్టర్లకు ముచ్చటైన జబ్బు వేరు. జనాన్ని బాధపెట్టే జబ్బు వేరు. ఈ సంగతి తమకు అప్పుడే తెలిసిందని అభయ్ బంగ్ గారు తరవాత దాచకుండా చెప్పారు. పెద్ద చదువు చదివినవాళ్ళు తమ తప్పు ఒప్పుకోవడం మనం తరచు చూడం.

అప్పటినుంచి ముందు అడగడం మొదలుపెట్టారు.

మీరు ఆసుపత్రికి ఎందుకు రారు? అని గోండులను అడిగారు. వాళ్ళు చెప్పిన జవాబులు వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఆసుపత్రిలో అందరూ తెల్లబట్టలు వేసుకుంటారు. మేము శవానికి తెల్లబట్ట కప్పుతాం. అక్కడ మా భాష ఎవరికీ రాదు. రోగిని లోపల పెట్టి మమ్మల్ని బయటికి పంపేస్తారు. ఇవీ వాళ్ళ జవాబులు.

మరి ఏం చేశారు? వాళ్ళు చెప్పినట్టే ఆసుపత్రి కట్టారు. పెద్ద మేడ కట్టలేదు. గూడెంలోలాగే గుడిసెలు వేశారు. రోగితోపాటు ఇంటివాళ్ళూ ఉండవచ్చు. ఆసుపత్రికి వాళ్ళ దేవత దంతేశ్వరి పేరు పెట్టారు.

రాణీగారు ఆడవాళ్ళ దగ్గర కూర్చున్నారు. వాళ్ళ మాట విన్నారు. రెండు ఊళ్ళలో ఆడవాళ్ళను పరీక్ష చేశారు. నూటికి 92 మందికి ఏదో ఒక ఆడవాళ్ళ జబ్బు ఉంది. చాలామంది అంతకుముందు ఎప్పుడూ డాక్టరుకు చూపించుకోలేదు. సిగ్గుపడి దాచుకున్నారు. ఈ లెక్క 1989లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో వచ్చింది. ఇంగ్లండులో అచ్చయ్యే ఆ పత్రికను దేశదేశాల డాక్టర్లు చదువుతారు. పల్లెటూరి ఆడవాళ్ళంటే కాన్పు ఒక్కటే గుర్తొచ్చే పెద్దలకు అది కొత్త సంగతి.

ఇక పసిపిల్లల సంగతి.

ఒక వానాకాలం సాయంత్రం ఒక తల్లి బిడ్డను ఎత్తుకుని అభయ్ గారి ఇంటికి వచ్చింది. బిడ్డ ఎముకల గూడులా ఉన్నాడు. ఎగఊపిరి పీలుస్తున్నాడు. న్యుమోనియా. వైద్యం మొదలుపెట్టేలోపే ప్రాణం పోయింది.

ఈ బిడ్డ ఎందుకు చనిపోయాడు? అని ఆయన ఆలోచించారు. తల్లికి తిండి లేదు. డబ్బు లేదు. ముందు భూతవైద్యుడి దగ్గరికి వెళ్ళారు. దగ్గరలో డాక్టరు లేడు. ఇలా రాసుకుంటూ పోతే 18 కారణాలు తేలాయి. పద్దెనిమిదీ తీర్చేదెప్పుడు? ఈలోగా ఎందరు పిల్లలు పోవాలి? ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఇది గొలుసు లాంటిది. గొలుసు అంతా కరిగించనక్కర్లేదు. ఒక్క లింకు తెంపితే చాలు. బిడ్డ ఉన్న ఊళ్ళోనే న్యుమోనియాను గుర్తుపట్టే మనిషి ఉండాలి. ఆ మనిషి చేతిలో మందు ఉండాలి.

ఎవరా మనిషి? ఊరి మంత్రసాని. ఊళ్ళో నాలుగు ముక్కలు చదువుకున్నవాళ్ళు.

న్యుమోనియా వస్తే బిడ్డ ఊపిరి వేగం పెరుగుతుంది. నిమిషానికి ఎన్నిసార్లు పీలుస్తున్నాడో లెక్కపెట్టాలి. కాని ఆ మంత్రసానుల్లో చాలామందికి చదువు రాదు. యాభై, అరవై దాకా లెక్క రాదు. చేతికి గడియారం లేదు.

అందుకని ఒక పలక తయారుచేశారు. దాని మీద ఇసుక గడియారం ఉంటుంది. ఒక్క నిమిషంలో ఇసుక పైనుంచి కిందికి జారిపోతుంది. పక్కన తీగకు పూసలు ఉంటాయి. పది ఊపిరులు లెక్కపెట్టి ఒక పూస జరపాలి. మళ్ళీ పది. మళ్ళీ ఒక పూస. ముందు పచ్చ పూసలు, చివర ఎర్ర పూస. ఇసుక అయిపోకముందే ఎర్ర పూస జరిగిందంటే ప్రమాదం. మందు మొదలుపెట్టాలి. అంతే! ఎంత చిన్న ఉపాయమో చూడండి.

మందులు ఇచ్చిన ఊళ్ళలో న్యుమోనియా చావులు సగానికి పైగా తగ్గాయి. ఈ సంగతి 1990లో అచ్చయింది.

అయినా పుట్టిన నెలలోపు పిల్లలు పోతూనే ఉన్నారు. అందుకని 1995 నుంచి 39 ఊళ్ళలో ఇంకో పని మొదలుపెట్టారు. ఊరికొక ఆడమనిషిని ఎంచుకుని నేర్పారు. ఆమెను ఆరోగ్యదూత అన్నారు. పురుడు జరిగేటప్పుడు ఆమె అక్కడే ఉంటుంది. బిడ్డను తూకం వేస్తుంది. వెచ్చగా పొదువుతుంది. ముర్రుపాలు పట్టిస్తుంది. బిడ్డ ఏడవకపోతే ఊపిరి అందిస్తుంది. చీము, నెత్తురు దోషం సోకితే సూదిమందు కూడా వేస్తుంది.

సూదిమందు అనేసరికి డాక్టర్లలో చాలామందికి నచ్చలేదు. పల్లెటూరి ఆడమనిషి సూది వెయ్యడమేమిటి అన్నారు. ఆ భయం తప్పని అనలేం. సూది పిల్లలాట కాదు. దానికి జవాబు మాటల్లో దొరకదు. లెక్కల్లో దొరకాలి.

అందుకే లెక్క రాశారు. ప్రతి పుట్టుక రాశారు. ప్రతి చావూ రాశారు. మొదట ఆ 39 ఊళ్ళలో వెయ్యిమంది పిల్లలు పుడితే 62 మంది నెలలోపే పోయేవారు. మూడో ఏటికి అది సుమారు 25కు దిగింది. పక్కనే మరో 47 ఊళ్ళు ఉన్నాయి. అక్కడ ఈ పని చెయ్యలేదు. అక్కడ చావులు 60 దగ్గరే ఉండిపోయాయి. 1999లో ఈ లెక్క లాన్సెట్‌లో వచ్చింది.

ఒక జిల్లాలో జరిగితే సరిపోతుందా? ఆ డాక్టర్లకు ఏదో ప్రత్యేకం ఉంది, అందుకే జరిగింది అంటారు కదా. అందుకని మహారాష్ట్రలో మరో ఏడు చోట్ల వేరే సంస్థలతో చెయ్యి కలిపారు. తమకు తెలిసింది వాళ్ళకు నేర్పారు. పల్లెల్లోనూ, పట్నం మురికివాడల్లోనూ చేయించారు. అక్కడా చావులు తగ్గాయి. ఢిల్లీలో పెద్దలతో కూర్చుని చెప్పారు.

చివరికి 2011లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఆశా కార్యకర్తలకు ఈ పని అప్పగించింది. ఆసుపత్రిలో పురుడైతే ఆశా అక్క మీ ఇంటికి ఆరుసార్లు రావాలి. 3వ రోజు, 7వ రోజు, 14, 21, 28, 42వ రోజు. ఇంట్లోనే పురుడైతే మొదటి రోజు కూడా రావాలి. ఈ రోజులు గోడమీద రాసి పెట్టుకోండి. రాకపోతే అడగండి. వచ్చినప్పుడు బిడ్డను తూకం వేయించండి. 'బాగానే ఉన్నాడులే' అని గుమ్మంలోంచే పంపేయకండి.

ఆమె రాని రోజు బిడ్డకు దగ్గు వస్తే?

మీ దగ్గర పూసల పలక ఉండదు. ఆరు చింతగింజలు తీసుకోండి. గోడ గడియారమో, సెల్‌ఫోనో ముందు పెట్టుకోండి. బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెట్టకండి. ఊరుకున్నాక చొక్కా పైకెత్తి పొట్ట చూడండి. పొట్ట ఒకసారి పొంగి దిగితే ఒక ఊపిరి. పది ఊపిరులకు ఒక గింజ పక్కకు జరపండి. సరిగ్గా ఒక నిమిషం చూడండి.

రెండు నెలలలోపు బిడ్డకు ఆరో గింజ జరిగితే ప్రమాదం. ఇంత చిన్నబిడ్డకైతే ఇంకోసారి లెక్కపెట్టి చూసుకోండి. రెండు నెలలు దాటి ఏడాదిలోపు బిడ్డకు ఐదో గింజ. ఏడాది దాటి ఐదేళ్ళలోపు పిల్లలకు నాలుగో గింజ. లెక్క తక్కువే వచ్చినా డొక్కలు లోపలికి లాగుతుంటే ప్రమాదమే. పాలు మానేసినా ప్రమాదమే.

అప్పుడు తెల్లవారేదాకా ఆగకండి. బిడ్డను వెచ్చగా చుట్టండి. ఆశా అక్కను లేపండి. 108కి ఫోన్ చెయ్యండి.